క్షీణనాదమును వినిపించిన శాస్త్రజ్ఞుడు: డాక్టరు ఏ. ఎస్. రావు

సన్నని సవ్వడిని పదిమందికి వినబడునట్లు పెంచుట, కంటికి గోచరింపని కణముల రాకపోకలను లెక్కించుట, వేలకొలది మైళ్ళ దూరమునుండి వచ్చు క్షీణసంకేతమును పట్టి బొమ్మగా మార్చుట ఎలక్ట్రానిక్ శాస్త్రము సాధించిన అద్భుతములు. భారతదేశము స్వతంత్రమైననాడు ఈ విద్య తెలిసినవారు మన దేశమున కొలదిమందియే. నమ్మదగిన కొలత పరికరము కావలసినచో విదేశములకు వ్రాసి, ధనము చెల్లించి, దాని రాకకై ఎదురుచూడవలసి యుండెను. అట్టి దినములలో ఆ పరికరములను మన చేతులతోనే చేసికొనగలమని నమ్మి, చేసి చూపించి, ఆ విద్యను ఒక గొప్ప పరిశ్రమగా నెలకొల్పిన మహనీయుడు డాక్టరు అయ్యగారి సాంబశివరావు. ఏ. ఎస్. రావు అను పేర లోకమునకు పరిచితులైన ఈ శాస్త్రజ్ఞులు తెలుగువారు. హైదరాబాదు నగరమున ఒక విశాలమైన నివాసప్రాంతము నేటికిని వారి పేరనే పిలువబడుచున్నది.

సాంబశివరావుగారు 1914వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన, నేటి పశ్చిమగోదావరి జిల్లాలో భీమవరమునకు సమీపముననున్న మోగల్లు గ్రామమున జన్మించిరి. అది గోదావరి డెల్టా. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట వలన ఆ సీమ అంతటను కాలువలు పారి, పొలములు పచ్చగా కళకళలాడుచుండెను. నీటికి లోటులేకున్నను విజ్ఞానశాస్త్రమున ఉన్నతవిద్య పొందుటకు ఆనాటి పల్లెటూరి బాలురకు మార్గము సుగమము కాదు. చదువుకొరకు ఊరు విడిచి దూరప్రాంతములకు పోవలసినదే. రావుగారు సుదూరమున గంగాతీరముననున్న కాశీకి పోయిరి. పండిత మదనమోహన మాలవ్యా 1916లో స్థాపించిన కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చేరి, విజ్ఞానశాస్త్రమున ఎం.ఎస్సీ. పట్టము పొందిరి. పిమ్మట అచ్చటనే కొన్ని సంవత్సరములు అధ్యాపకులుగా ఉండి, బోధనమును పరిశోధనమును సాగించిరి.

1946లో వారికి టాటా విద్యార్థివేతనము లభించెను. దాని సహాయమున అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు పోయి ఎలక్ట్రికల్ ఇంజనీరింగు అభ్యసించిరి. ఆ కాలమున అచ్చటి ఇంజనీరింగు శాఖకు ఫ్రెడరిక్ టెర్మన్ అధిపతి. రేడియో ఇంజనీరింగుపై ఆయన రచించిన గ్రంథము ప్రపంచమంతట ప్రసిద్ధమైనది. విశ్వవిద్యాలయమున నేర్చిన విద్య తరగతి గదిలోనే నిలిచిపోక కర్మాగారమునకు చేరవలెనని ఆయన పట్టుదల. ఆయన శిష్యులైన హ్యూలెట్, ప్యాకర్డు అను ఇరువురు యువకులు 1939లో ఒక చిన్న మోటారు షెడ్డులో ధ్వనితరంగములను పుట్టించు పరికరమును తయారుచేయ మొదలిడి, క్రమముగా జగత్ప్రసిద్ధమైన సంస్థను నిర్మించిరి. శాస్త్రము పరిశ్రమగా పరిణమించు విధము కన్నులయెదుట కనబడుచున్న అట్టి చోట రావుగారు విద్యనేర్చిరి. చదువు ముగిసిన పిమ్మట వారు ఆ సంపన్నదేశముననే స్థిరపడక స్వదేశమునకు మరలివచ్చిరి.

అప్పటికి హోమీ భాభా బొంబాయిలో టాటా మౌలిక పరిశోధనసంస్థను 1945లో స్థాపించి యుండిరి. 1948 ఆగస్టులో అణుశక్తి సంఘము ఏర్పడెను. భాభా ఆలోచన స్పష్టమైనది. అణుశక్తిని ఉపయోగింపవలెనన్న దానిని కొలువగలిగి యుండవలెను; కొలువవలెనన్న ఎలక్ట్రానిక్ పరికరములు కావలెను; ఆ పరికరములను ఎల్లకాలము పరులనుండి కొనుచుండినచో ఆ విద్య ఎన్నటికిని మనది కాదు. ఈ కార్యమునకు తగినవారిని వెదకుచున్న భాభాకు రావుగారు కుడిభుజమువంటివారైరి. 1954లో ట్రాంబేలో అణుశక్తి సంస్థ వెలసినపుడు ఎలక్ట్రానిక్ విభాగపు భారము వారిపై పడెను.

ఆ విభాగమునకు వచ్చిన మొదటి మహాపరీక్ష అప్సర అను అణు రియాక్టరు. ఇంధనము మాత్రము బ్రిటనునుండి వచ్చెను. రియాక్టరును మన ఇంజనీర్లే నిర్మించిరి. దానిని నడపుటకు, అదుపులో ఉంచుటకు కావలసిన నియంత్రణ యంత్రాంగమును నిర్మించు పని రావుగారి బృందమునకు అప్పగింపబడెను.

ఈ పని ఎంత సున్నితమైనదో గ్రహింపవలెనన్న రియాక్టరు స్వభావమును కొంత తెలిసికొనవలెను. రియాక్టరులో న్యూట్రానులను కణములు యురేనియము పరమాణువులను చీల్చును. ప్రతి చీలికయందును మరల కొన్ని న్యూట్రానులు పుట్టును. వాటి సంఖ్య మితిమీరకుండ, న్యూట్రానులను మ్రింగివేయు కడ్డీలను లోనికి దింపుచు, పైకి లాగుచు ఉండవలెను. కాని న్యూట్రానులు కంటికి కనబడవు, చెవికి వినబడవు, చేతికి తగులవు. వాటి ఉనికిని తెలుపునది అయనీకరణ పేటిక అను పరికరము. అందు పుట్టు విద్యుత్ప్రవాహము అత్యల్పము. రియాక్టరు మేల్కొనుచున్న తరుణమున అది ఒక ఆంపియరులో లక్షకోట్లవ వంతు ప్రమాణమున మాత్రమే ఉండవచ్చును. ఆ అత్యల్పప్రవాహమును ముల్లు కదలునంతగా పెంచి చూపవలెను. పెంచునపుడు పొరపాటు జరిగి, ఉన్నదానికంటె తక్కువగా చూపినచో ప్రమాదము. ఎక్కువగా చూపినచో నిష్కారణముగా రియాక్టరును ఆపివేయవలసి వచ్చును. నడుపువారి ప్రాణములు, దేశముయొక్క ప్రతిష్ఠ ఆ చిన్న ముల్లు చెప్పు సత్యముపై ఆధారపడి యుండెను.

1956 ఆగస్టు 4వ తేదీ మధ్యాహ్నము అప్సర తొలిసారి శృంఖలాచర్యను సాధించెను. సోవియటు దేశమును మినహాయించినచో ఆసియా ఖండమున అదియే మొదటి రియాక్టరు. మరుసటి సంవత్సరము జనవరి 20వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దానిని దేశమునకు అంకితము చేసిరి. అప్సరను చూడవచ్చినవారు నీలికాంతితో మెరయు నీటికొలనును చూచి ఆశ్చర్యపడిరి. గోడప్రక్కన నిలిచిన నియంత్రణ ఫలకములు వారి చూపును అంతగా ఆకర్షించి యుండవు. కాని ఆ ఫలకములు నిజము చెప్పినందువలననే ఆ కొలను నిర్భయముగా వెలుగుచుండెను.

ఆ కాలపు పరికరములలో ప్రధానమైనవి వాల్వులు. వాల్వు అనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. అందొక తీగ ఎర్రగా కాలుచుండును. వాల్వు సంకేతమును పెంచగలదు. కాని చాల వేడెక్కును, అధిక విద్యుత్తును తినును, కొంతకాలమునకు చెడిపోవును. రావుగారు విదేశమునకు పోయి చదివిన చదువు వాల్వుల యుగమునకు చెందినది. వారు అమెరికాకు పోయిన మరుసటి సంవత్సరమే, 1947 డిసెంబరులో, ఆ దేశమునందే బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ అను శాస్త్రజ్ఞులు జర్మేనియము అను స్ఫటికముతో ట్రాన్సిస్టరును కనుగొనిరి. వారితోకూడ పనిచేసిన విలియం షాక్లీ దానిని మరింత మేలైన రూపమునకు తెచ్చెను. ఆ ముగ్గురకును 1956లో నోబెల్ బహుమానము లభించెను. కందిగింజంత స్ఫటికఖండము గాజుబుడ్డి చేయు పనిని చేయసాగెను. నేర్చిన విద్య అనతికాలముననే పాతబడుట పండితునకు కష్టముగనే ఉండును. రావుగారు కష్టపడలేదు, క్రొత్త విద్యను తాము నేర్చి, తమ విభాగములోని యువకులచేత నేర్పించిరి.

ట్రాన్సిస్టరు సంకేతమును ఎట్లు పెంచునో తెలిసికొనుటకు నల్లగొండ సీమలోని ఒక కాలువగట్టు చాలును. నాగార్జునసాగరమునకు సమీపమున హాలియా అను ఊరు ఉన్నది. సాగరు ఎడమకాలువ ఆ ప్రాంతముమీదుగా సాగి మిర్యాలగూడ, కోదాడ సీమల పొలములను తడుపుచున్నది. కాలువ తూమువద్ద ఒక మనిషి నిలిచి చక్రమును త్రిప్పును. అతడు ఉపయోగించు బలము స్వల్పము. కాని ఆ చక్రము తిరిగినంతమేర తలుపు లేచి, వందలాది ఎకరములకు చాలిన నీరు ఉరుకును. ఆ నీటిబలము త్రిప్పినవాని చేతిలోనిది కాదు, జలాశయమునందు నిలువయున్నది. చేయి ఆజ్ఞాపించును, జలాశయము ఆ ఆజ్ఞను నెరవేర్చును.

ట్రాన్సిస్టరుకు మూడు కాళ్ళుండును. వాటిని ఎమిటరు, బేసు, కలెక్టరు అందురు. కలెక్టరునుండి ఎమిటరునకు పోవు విద్యుత్ప్రవాహము కాలువనీటి వంటిది. బేసు తూముచక్రము వంటిది. బ్యాటరీ జలాశయము. బేసువద్ద చిన్న సంకేతము కొద్దిగా హెచ్చినను తగ్గినను, కలెక్టరు ప్రవాహము అదే లయలో పెద్దగా హెచ్చుచు తగ్గుచుండును. ఆ ప్రవాహమార్గమున ఒక రెసిస్టరును ఉంచినచో ప్రవాహపు హెచ్చుతగ్గులు వోల్టేజి హెచ్చుతగ్గులుగా మారి బయటికి వచ్చును. ఇదియే ఆంప్లిఫయరులోని ఒక దశ. ట్రాన్సిస్టరు శక్తిని సృష్టింపదు. బ్యాటరీలోని శక్తిని సంకేతము చెప్పినట్లు నడిపించును.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము గమనింపవలెను. తూము పూర్తిగా మూసియున్నచో నీటిని ఇంకను తగ్గించుట సాధ్యము కాదు. పూర్తిగా తెరచియున్నచో ఇంకను పెంచుట సాధ్యము కాదు. హెచ్చించుటకును తగ్గించుటకును వీలుండవలెనన్న తలుపు సగము తెరచి ఉంచవలెను. అట్లే సంకేతము లేని సమయమున సైతము ట్రాన్సిస్టరులో కొంత ప్రవాహము నిలుకడగా పారుచుండవలెను. దీనిని బయాస్ అందురు. బేసువద్దనుండు రెసిస్టరులు ఈ నిలుకడను ఏర్పరచును. సిలికాన్ ట్రాన్సిస్టరు అయినచో బేసునకును ఎమిటరునకును నడుమ సుమారు 0.6 వోల్టు ఉండవలెను. జర్మేనియము అయినచో 0.2 లేక 0.3 వోల్టు చాలును. బయాస్ సరిగా లేనిచో ట్రాన్సిస్టరు మంచిదైనను ఆంప్లిఫయరు పనికిరాదు.

ఒక దశ చాలనిచో దానివెంట మరియొక దశను చేర్తురు. ఒక్కొక్క దశ సంకేతమును 20 రెట్లు పెంచినచో రెండు దశలకు 400 రెట్లు, మూడు దశలకు 8,000 రెట్లు అగును. దశకును దశకును నడుమ కండెన్సరును ఉంచుట వాడుక. అది సంకేతపు హెచ్చుతగ్గులను మాత్రము ముందునకు పోనిచ్చి, మొదటి దశలోని నిలుకడ వోల్టేజి రెండవ దశ బయాస్‌ను చెరుపకుండ అడ్డగించును. అయితే దశలను చేర్చుటలో మెలకువ కావలెను. పిల్లకాలువ మితిమీరి నీరు లాగినచో పెద్దకాలువలో మట్టము పడిపోవును గదా! అట్లే తరువాతి దశ ఎక్కువ ప్రవాహమును లాగినచో ముందటి దశ నీరసించును. అందుచేత కొన్నిచోట్ల నడుమ ఎమిటరు ఫాలోయరు అను దశను ఉంతురు. అది వోల్టేజిని పెంచదు. ముందుదశకు బరువు తెలియకుండ తానే భారమును మోయును.

ఉష్ణము మరియొక శత్రువు. వేడి పెరిగినకొలది ట్రాన్సిస్టరులో ప్రవాహము పెరుగును. ప్రవాహము పెరిగినకొలది వేడి మరింత పెరుగును. జర్మేనియము ట్రాన్సిస్టరులు ఈ విషయమున మరీ దుర్బలములు. దీనికి విరుగుడుగా ఎమిటరువద్ద ఒక చిన్న రెసిస్టరును ఉంతురు. ప్రవాహము పెరుగగానే ఆ రెసిస్టరుపై వోల్టేజి పెరిగి, బేసునకును ఎమిటరునకును నడుమనున్న భేదమును తగ్గించును. దానితో ప్రవాహము తనంతట తానే వెనుకకు తగ్గును. ఫలితము చూచుకొని తన్ను తాను సరిదిద్దుకొను ఈ పద్ధతియే ఫీడ్‌బ్యాక్.

అన్నింటికంటె ప్రధానమైన సూత్రము మొదటి దశకు చెందినది. ప్రతి పరికరమునందును ఎలక్ట్రానుల కదలికవలన సన్నని రొద పుట్టుచుండును. మొదటి దశలో పుట్టిన రొద సంకేతముతో కలిసి రెండవ దశకు పోవును. అచ్చటనుండి మూడవ దశకు పోవును. సంకేతము 8,000 రెట్లు కాగలిగినచో ఆ రొదయు 8,000 రెట్లు అగును. కడపటి దశలోని రొద అంతగా బాధింపదు. మొదటి దశలోని దోషమును మాత్రము తరువాతి దశలేవియు కడిగివేయజాలవు. కావున నేర్పరులు మొదటి దశపైననే ఎక్కువ శ్రద్ధ వహింతురు.

ఈ సూత్రములు శాస్త్రజ్ఞుని పరికరములకే కాక సంగీతమునకును వర్తించును. విద్యుత్ గిటారు తంత్రినుండి పుట్టు సంకేతము చాల చిన్నది. గిటారు వాయించువారు పాదముతో నొక్కు చిన్న పెట్టెలలో ఇట్టి ట్రాన్సిస్టరు దశలే ఉండును. 1962లో అమెరికాలో మేస్ట్రో ఫజ్‌టోన్ అను పేర వెలువడిన పెట్టెలో మూడు జర్మేనియము ట్రాన్సిస్టరులు ఉండెను. అందు సంకేతమును కావలెననియే మితిమీరి పెంతురు. తలుపు పూర్తిగా తెరచుట, పూర్తిగా మూయుట తప్ప నడిమిస్థితి లేనందున తరంగపు శిఖరములు కత్తిరించినట్లు చదునగును. నాదము గరగరలాడుచు క్రొత్తరూపు దాల్చును. కొలత పరికరమునందు ఘోరమైన దోషమైనది సంగీతమున అలంకారమగును. ఏ దశ ఎంత పెంచవలెనో, ఎచ్చట ఆగవలెనో తెలిసినవాడే రెంటిని సాధింపగలడు.

రావుగారి విభాగము ఈ విద్యను క్షుణ్ణముగా అభ్యసించుచుండగా దేశమునకు ఒక కఠినమైన గుణపాఠము ఎదురయ్యెను. 1962లో చీనాతో యుద్ధము వచ్చెను. ఆధునికసైన్యమునకు వార్తాప్రసార సాధనములు ఆయుధములంత అవసరమనియు, వాటికొరకు పరదేశములపై ఆధారపడుట ఎంత అపాయకరమో ఆ యుద్ధము తెలియజేసెను. 1963లో ప్రభుత్వము భాభా అధ్యక్షతన ఒక ఎలక్ట్రానిక్స్ సంఘమును నియమించెను. అందు విక్రమ్ సారాభాయి, తెలుగువారైన సూరి భగవంతము, రావుగారు సభ్యులు. దేశమునకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరములు ఏవి, వాటిని ఏవిధముగ ఇచ్చటనే ఉత్పత్తి చేయవచ్చును అను విషయములను వారు పరిశీలించిరి. నివేదిక 1966లో సిద్ధమయ్యెను. కాని అది కార్యరూపము దాల్చుట చూచు భాగ్యము భాభాకు లేకపోయెను. 1966 జనవరి 24వ తేదీన ఆల్ప్స్ పర్వతములలో మోంట్ బ్లాంక్ వద్ద జరిగిన విమానప్రమాదమున ఆయన మరణించెను.

ఆలోచన చేసిన నాయకుడు లేడు. దానిని నెరవేర్చవలసిన భారము మిగిలిన వారిపై ఉన్నది. ప్రయోగశాలలో ఒక పరికరమును చేయుట వేరు. అట్టివి వేయింటిని ఒకదానివలె ఒకటి ఉండునట్లు చేసి, సరసమైన ధరకు అమ్ముట వేరు. మొదటిదానియందు ప్రతిభ చాలును. రెండవదానికి ప్రతిభతోపాటు క్రమశిక్షణ, నిపుణులైన పనివారు, నిత్యపరీక్ష కావలెను. ఈ రెండవ పని మనవారివలన కాగలదా అన్నది ఆనాటి ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానముగా 1967 ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వెలసెను. దానినే క్లుప్తముగా ఈసీఐఎల్ అందురు. ట్రాంబేలో పరికరములు తయారుచేయుచుండిన శాఖయే దానికి బీజము. రావుగారు దాని నిర్మాత, ప్రథమ మేనేజింగు డైరెక్టరు. ఆ సంవత్సరము ఆగస్టు 4వ తేదీననే ప్రధానమంత్రి ఇందిరాగాంధీ నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిరి. ఒక వైపు మెట్టసీమకు నీరు వచ్చెను. మరియొక వైపు రాష్ట్ర రాజధానికి ఒక క్రొత్తవిద్య వచ్చెను.

రావుగారు దాదాపు ఒక దశాబ్దముపాటు ఆ సంస్థను నడిపిరి. విదేశీసంస్థల నమూనాలను, యంత్రభాగములను తెచ్చి ఇచ్చట బిగించి అమ్ముట సులభమైన మార్గము. వారు దానిని కోరలేదు. మన ప్రయోగశాలలలో రూపొందిన నమూనాలను మన కర్మాగారమున చేయించుట వారి విధానము. అణువిద్యుత్ కేంద్రములకు కావలసిన నియంత్రణ పరికరములు అచ్చట తయారయ్యెను. 1969లో టీడీసీ 12 అను కంప్యూటరు వెలువడెను. ట్రాంబే డిజిటల్ కంప్యూటరు అనునది ఆ అక్షరముల అర్థము. దేశీయముగా రూపొందించి ఉత్పత్తి చేసిన తొలి కంప్యూటరులలో అది ఒకటి. తరువాత టీడీసీ 312, టీడీసీ 316 అనునవి వచ్చెను. ఈసీ టీవీ అను పేర టెలివిజను పెట్టెలు ఇండ్లకు చేరెను.

ఆ సంస్థ చేసిన పనులలో పల్లెవాసులకు నేరుగా ఉపకరించినది 1975లో జరిగెను. ఆ ఏడాది ఆగస్టు 1వ తేదీనుండి మరుసటి సంవత్సరము జూలై 31వ తేదీవరకు ఒక మహాప్రయోగము సాగెను. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన అమెరికా ఉపగ్రహమునుండి ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు ప్రసారము చేయబడెను. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వ్యవసాయము, ఆరోగ్యము, పిల్లల చదువు ఆ కార్యక్రమముల విషయములు. గ్రామములలో ఉంచిన సంగ్రాహక పెట్టెలను ఈసీఐఎల్ తయారుచేసెను.

ఆకాశమున అంతదూరమునుండి వచ్చు సంకేతము పల్లెకు చేరునప్పటికి ఎంత క్షీణించునో ఊహింపవచ్చును. ఇనుపవల అల్లిన సుమారు 10 అడుగుల గొడుగు దానిని పట్టి ఒకచోటికి చేర్చును. అచ్చటనుండి ఒక్కొక్క దశ దానిని పెంచుచు పోవును. మొదటి దశలో రొద ఎక్కువైనచో తెరపై చుక్కలవాన తప్ప బొమ్మ కానరాదు. నిపుణుడు దగ్గరలేని పల్లెలో, ఎండకు, దుమ్ముకు తట్టుకొని, రాత్రివేళ ఊరివారందరు గుమిగూడిన తరుణమున ఆ పెట్టె పనిచేయవలెను. బయాస్, ఫీడ్‌బ్యాక్, తక్కువ రొదగల మొదటి దశ అను పాఠములు గ్రంథములనుండి వెలువడి పల్లెచావడికి చేరిన సందర్భమది. ఎన్నడును టెలివిజను చూడని పల్లెప్రజలు తమ చావడియందే కూర్చుండి తమ భాషలో చిత్రములను చూచి, మాటలను వినిరి.

దేశము రావుగారి సేవలను గుర్తించెను. 1960లో పద్మశ్రీ బిరుదమును, 1972లో పద్మభూషణ బిరుదమును ప్రభుత్వము వారికి ఇచ్చెను. ఇంజనీరింగు శాస్త్రమునకై శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము 1965లో వారికి లభించెను. వారు నెలకొల్పిన సంస్థ వేలకొలది కుటుంబములకు జీవనాధారమైనది. సంస్థ ఉద్యోగుల నివాసముల కొరకు వెలసిన కాలనీకి వారి పేరు పెట్టబడెను. ఆ సంస్థ వారి అనంతరమును వృద్ధిచెంది, ఎన్నికలలో వాడు ఓటింగు యంత్రములను తయారుచేయు రెండు ప్రభుత్వసంస్థలలో ఒకటిగా పేరుపొందెను. సుదీర్ఘమైన జీవితమును గడపి, 2003 అక్టోబరు 31వ తేదీన, 89వ ఏట, రావుగారు కీర్తిశేషులైరి.

రావుగారి జీవితమును తలచినపుడు ఆంప్లిఫయరు సూత్రములు మనుష్యులకును వర్తించునని తోచును. ఒక్క మనిషి బలము తూము త్రిప్పువాని చేతిబలము వంటిది, స్వల్పము. దేశమున నిలువయున్న యువకుల శక్తి జలాశయము వంటిది, అపారము. ఆ శక్తిని సరియైన మార్గమున నడిపించినవాడు, తాను చిన్నవాడైనను, పెద్దపనులు సాధించును. ఒక్క రియాక్టరు ముల్లును నిజము చెప్పించుటతో ఆరంభమైన పని ఒక విభాగమై, ఒక పరిశ్రమయై, వేలకొలది పల్లెల చావడులకు చేరెను. మొదటి దశలో దోషము లేకుండుటచేతనే తరువాతి దశలన్నియు దానిని మేలుగా పెంచగలిగెను. విద్యార్థిదశయే జీవితమునకు మొదటి దశ. అందు నేర్చిన శ్రద్ధయు సత్యమును తరువాత పెరిగి పెద్దవగును. అందు అలవడిన అలసత్వమును అట్లే పెరుగును. ఈ సత్యమును తెలిసినవారి చేతిలోనే విజ్ఞానము దేశమునకు మేలుచేయును.